రూతు టీచర్ ఓడిపోయిన ఆట

బంతి గ్లవ్‌లో పడే చప్పుడును బట్టి విసిరిన చెయ్యి ఎలా ఉందో చెప్పవచ్చు. నిన్న ఉదయం మా హైస్కూలు గ్రౌండులో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె స్నేహితురాలికి బేస్‌బాల్ విసురుతోంది. నేను వరండాలో కూర్చుని హాజరుపట్టీ రాసుకుంటున్నాను. మొదట్లో పొడిగా, గట్టిగా ఠప్పుమన్న చప్పుడు కాసేపటికి మెత్తబడింది, తడిబట్టను బండమీద వేసినట్టు. తల ఎత్తకుండానే ఇక చాలు, దిగమన్నాను. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, మీరు చూడనే లేదు కదా మేడమ్, నేను అలిసిపోయానని ఎలా తెలిసిందని అడిగింది. ఏదో చెప్పి పంపించాను. అసలు జవాబు చెప్పాలంటే రూతు టీచర్ గురించి చెప్పాలి. ఆవిడ గురించి మొదలుపెడితే నేను చేసిన పనుల గురించి కూడా చెప్పాల్సి వస్తుంది. పధ్నాలుగేళ్ళ పిల్లకు అవి చెప్పడం కష్టం. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రూతు టీచర్ పొన్నూరులో ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు టీచరు. పొట్టి మనిషి. కాటన్ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కాళ్ళకు తెల్ల కాన్వాసు బూట్లు తొడుక్కునేది. ఆవిడ గొంతు గ్రౌండుకు ఆ చివరనున్న వాళ్ళకు కూడా పక్కనే నిలబడి తిట్టినట్టు వినిపించేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. తొంభైల చివర్లో ఒక వేసవి శిక్షణకు వెళ్ళి, అక్కడ బేస్‌బాల్ చూసి, తిరిగొచ్చేటప్పుడు రెండు గ్లవ్‌లు, మూడు బంతులు తెచ్చుకుంది. మిగతా గ్లవ్‌లు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయనతో కుట్టించింది. క్రికెట్ తప్ప మరో ఆట తెలియని ఊళ్ళో, అదీ ఆడపిల్లలతో, ఎవరూ పేరు వినని ఆట ఆడించాలని ఆవిడకు ఎందుకనిపించిందో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు. అడిగినప్పుడు మాత్రం, ఈ ఆటలో ఎవరూ మనకంటే ముందు లేరు కదా అని నవ్వేది.

నేను పొన్నూరు పక్క పల్లెనుంచి డిగ్రీకి వచ్చేదాన్ని. మా నాన్న కౌలుకు పత్తి వేసేవాడు. కాలేజీల ఆటల పోటీల్లో క్రికెట్ బంతిని దూరం విసిరే అంశంలో పేరిచ్చాను, ఇచ్చే వాళ్ళు ఎవరూ లేక. నేను విసిరిన బంతి కొలత తాడు అవతల పడింది. రూతు టీచర్ అక్కడ కొలతలు తీస్తోంది. బంతి పడిన చోటు చూడకుండా నా భుజం వైపు చూసి, రేపు ఉదయం ఆరింటికి మా స్కూలుకు రా అంది. నా పేరు కూడా అడగలేదు. మర్నాడు వెళ్ళాక అడిగింది. నాగమణి అన్నాను. మణీ అని పిలవడం ఆ రోజే మొదలుపెట్టింది.

బేస్‌బాల్ చూడనివాళ్ళ కోసం ఒక్కమాట చెప్పాలి. ఆ ఆటలో బంతి విసిరే మనిషిని పిచర్ అంటారు. క్రికెట్‌లోలా ఆరు బంతులు వేసి ఇంకొకరికి ఇచ్చే ఏర్పాటు లేదు. ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్ ముగుస్తుంది, దింపేదాకా అన్నింటిలోనూ ఆవిడే విసరాలి. బంతి బ్యాటు అందే మేరలోనే పడాలి. నాలుగుసార్లు పక్కకు పోతే ఎదుటి అమ్మాయి కొట్టకుండానే ఊరికే నడిచి, పరుగెత్తేవాళ్ళు ఆగే మజిలీ లాంటి మొదటి బేస్‌కు వెళ్ళిపోతుంది. ఆగే బేస్‌లు మూడే, అలా నలుగురు నడిస్తే మొదటి అమ్మాయి చుట్టు పూర్తయి ఒక పరుగు వచ్చేస్తుంది. అంటే పిచర్ చెయ్యి అలిసిపోతే ఎదుటి జట్టు బ్యాటు భుజాన పెట్టుకుని నిలబడినా చాలు, గెలిచేస్తుంది.

మొదటి ఏడాది, స్కూలు పిల్లలూ కాలేజీ పిల్లలూ కలిసిన మా పొన్నూరు జట్టుకు జిల్లా పోటీల ఫైనల్లో సరిగ్గా అదే జరిగింది. రెండు రోజుల్లో మూడు ఆటలు. మూడింటిలోనూ నేనే విసిరాను. మా జట్టులో విసిరేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఫైనల్లో చివరి ఇన్నింగ్స్ వచ్చేసరికి రెండు పరుగులు ముందున్నాం. అక్కడ నా చెయ్యి మాట వినడం మానేసింది. వరసగా ఆరుగురు నడిచారు. ఒక్కరు కూడా బ్యాటు ఊపలేదు. మూడు పరుగులు వాళ్ళకు నేనే చేతిలో పెట్టాను. ఆట అయిపోయాక మధ్యలోనే కూలబడి ఏడ్చాను. రూతు టీచర్ వచ్చి నా పక్కన మట్టిలో కూర్చుంది. తప్పు నాది మణీ, జట్టంతటినీ ఒక్క చేతిమీద నిలబెట్టాను అంది. ఆ మాటలో ఆవిడ తనను తాను నిందించుకుంటోంది. నాకు మాత్రం నా చెయ్యి చాలదన్నట్టే వినిపించింది.

పోటీలు ముగిసిన మరుసటి ఆదివారం నుంచి ఆవిడ వేట మొదలైంది. చర్చి ముగియగానే చేతిసంచీలో ఒక బంతి, ఒక గ్లవ్ వేసుకుని ఏదో ఒక బస్సెక్కేది. ఎక్కడ ఆడపిల్ల బాగా విసురుతుందని ఎవరు చెప్పినా అక్కడికి వెళ్ళేది. మార్చిలో పెదకాకాని నుంచి కోటేశ్వరిని పట్టుకొచ్చింది. ఈటె విసిరే పిల్ల, ఎడమచేతి వాటం. ఎడమచేతి బంతి ఎటు తిరుగుతుందో బ్యాటు పట్టిన వాళ్ళకు అంత సులువుగా అంతుబట్టదని సంబరపడిపోయింది. కోటేశ్వరి రావడం నాకు పెద్దగా బాధ అనిపించలేదు. తను తమాషా మనిషి, పైగా గురి తక్కువ. ఏప్రిల్లో మాత్రం అద్దంకి వెళ్ళాలి, నువ్వు కూడా రా అంది. అంత దూరం ఎందుకంటే, నువ్వు విసిరి చూపిస్తే వాళ్ళకు ఆట అర్థమవుతుంది, నేను చెబితే దేవుడి మాటలు చెప్పడానికి వచ్చాననుకుంటారు అంది.

అద్దంకిలో మేం వెళ్ళిన ఇల్లు సైదులు అనే ఆయనది. దూదేకుల కుటుంబం. ఆయన వీధుల్లో తిరిగి పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. ఇంటినిండా దూది పింజలు గాల్లో తేలుతున్నాయి. ఆయన కూతురు మస్తాన్‌బీ ముక్కుకు గుడ్డ కట్టుకుని దూదేకే విల్లు మీద చెక్కబద్దతో కొడుతోంది. పదేళ్ళప్పటినుంచి ఆ పని చేస్తోందట. ఇంటర్ అయిపోయింది. స్కూలు పోటీల్లో బంతి విసిరితే పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రారని ఆ ఊరి మాస్టారు ఒకాయన రూతు టీచర్‌కు ఉత్తరం రాశాడు. సందులో నేను గ్లవ్ తొడుక్కుని నిలబడ్డాను. ఆ పిల్ల ముఖాన గుడ్డ తీయకుండానే ఒక బంతి విసిరింది. ఛాతీ ఎత్తున వస్తున్న బంతి నా ముందుకొచ్చాక మోకాళ్ళ దగ్గరికి జారిపోయింది. గ్లవ్ దాటి నా ముంజేతికి తగిలింది. మణికట్టు తిప్పడంలోనే ఏదో ఉంది. నేర్పితే వచ్చేది కాదు అది. రూతు టీచర్ వైపు చూశాను. ఆవిడ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని నిలబడి ఉంది, బంతి చప్పుడును బట్టే చెయ్యిని అంచనా వేయడం ఆవిడ అలవాటు. మళ్ళీ విసరమ్మా అంది. ఆ క్షణంలో ఆవిడ ముఖంలో ఉన్న సంతోషాన్ని నేనెప్పుడూ తెప్పించలేదని నాకనిపించింది.

సైదులుగారు చాప వేసి కూర్చోబెట్టి, ఈ ఆటతో మా అమ్మాయికి ఏమొస్తుందమ్మా అని అడిగాడు.

"ఏమొస్తుందో నేను మాటివ్వలేనండి," అంది రూతు టీచర్. "జిల్లాలో గెలిస్తే రాష్ట్రం జట్టుకు తీసుకుంటారు. ఆ కాగితం ఉంటే డ్రిల్లు టీచరు చదువుకు సీటు సులువు. ఓడిపోతే ఏమీ రాదు. ఉన్నన్నాళ్ళూ నా ఇంట్లో నా పిల్లలా ఉంటుంది. అది మాత్రం మాటిస్తాను."

ఆయన జూన్‌లో మస్తాన్‌బీని పొన్నూరు డిగ్రీ కాలేజీలో చేర్పించాడు. అద్దంకి వేరే జిల్లా, ఇక్కడ చేరితేనే తను మా జిల్లా పోటీల్లో ఆడటానికి వీలవుతుంది మరి. మస్తాన్‌బీ రూతు టీచర్ ఇంట్లోనే ఉండేది. ఒక గది, ఒక వరండా ఉన్న ఇల్లు. ఏడాదిగా నేను రోజూ ఆ వరండాలో మజ్జిగ తాగి వెళ్ళేదాన్ని. ఇప్పుడు అక్కడ మస్తాన్‌బీ చీర ఆరేసి ఉండేది.

అంతకంటే ముందే, ఏప్రిల్ చివర్లో, రూతు టీచర్ నాతో రెండు నెలలు బంతి విసరొద్దని చెప్పింది. పరుగెత్తమంది, కాళ్ళకు బలం తెచ్చుకోమంది. మస్తాన్‌బీ వచ్చాక మొదటి నెల బంతి పట్టుకునే పద్ధతులు నేర్పమంది. ఎందుకో కూడా చెప్పింది. భుజంలో నరాలు నలిగిపోయాయి, వాటికి విశ్రాంతి కావాలి, ముగ్గురుంటే ఎవరి చెయ్యీ పోదు అంది. అంత స్పష్టంగా చెప్పినా నాకెక్కలేదు. నేను విన్నది ఒక్కటే. నన్ను పక్కన కూర్చోబెట్టి, నా చోట ఇంకొకరిని నిలబెడుతోందని. మస్తాన్‌బీకి బంతి పట్టు నేర్పించేటప్పుడు సగమే చెప్పేదాన్ని. వేళ్ళు కుట్టు మీద ఎక్కడ ఉంచాలో చెప్పి, ఎంత బిగించాలో చెప్పేదాన్ని కాదు. తను నమ్మకంగా, సరేనక్కా అనేది. మిగతా సగం తనంతట తనే కనిపెట్టుకుంది. నేను దాచానని తనకు తెలిసే ఉంటుంది. ఎప్పుడూ అనలేదు.

ఆ జూన్ నెలలోనే గుంటూరు నుంచి ఇంకో జట్టు సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. ఆయనకు రాష్ట్ర సంఘంలో తెలిసినవాళ్ళున్నారు. మా నాన్న ముందు కూర్చుని, మీ అమ్మాయి లాంటి పిచర్ జిల్లాలో లేదండీ, అక్కడ మూడో మనిషిగా ఎందుకుండాలి అన్నాడు. రాష్ట్రం జట్టు ఖాయమన్నాడు. దాని వెనక డ్రిల్లు టీచరు చదువు, బీపీఎడ్ సీటు ఖాయమన్నాడు. ఆ ఏడు పత్తి పురుగుకు పోయింది. నాన్న ఉద్యోగం అనే మాట దగ్గరే ఆగిపోయాడు. నేను మొదటి పిచర్ అనే మాట దగ్గర ఆగిపోయాను. మరుసటి వారం నుంచే గుంటూరు వెళ్ళడం మొదలుపెట్టాను. రూతు టీచర్‌కు చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పది రోజులు గడిపాను. ఈలోగా ఎవరో చెప్పేశారు.

ఒక సాయంత్రం ఆవిడే మా ఊరొచ్చింది. బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. చేతిలో నా గ్లవ్ ఉంది. స్కూలు గదిలో వదిలేశావు, అక్కడ నీకు కావాలి కదా అంటూ అరుగు మీద పెట్టింది. అమ్మ లోపలికి రమ్మంటే, బస్సు ఉందమ్మా, వెళ్ళాలి అంది. నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. అక్కడ నేనే మొదటి పిచర్‌ని టీచర్ అన్నాను. ఆవిడ తల ఊపింది.

"మంచిదే. వాళ్ళు నీతో రోజూ విసిరిస్తారు మణీ. ఇక చాలని చెప్పడం నేర్చుకో. నువ్వు చెప్పకపోతే అక్కడ చెప్పే వాళ్ళెవరూ లేరు."

బస్సుస్టాపు దాకా వెళ్ళి సాగనంపాల్సింది. అరుగు మీద నిలబడే ఉన్నాను. ఆవిడ మిరపతోటల మధ్య రోడ్డు మీద తన కాన్వాసు బూట్లతో చిన్నగా అయిపోవడం చూస్తూ, నా మీద కోపం కూడా రాలేదే అని లోపల ఉడుక్కున్నాను.

ఆవిడ చెప్పినట్టే జరిగింది. గుంటూరులో ఉదయం, సాయంత్రం విసిరించేవారు. ఆట ఉన్నా లేకపోయినా విసిరించేవారు. అక్టోబరుకే చెయ్యెత్తి జడ వేసుకోవడం కష్టమైంది. అమ్మ వేసేది. నొప్పి మాత్రలు వేసుకుని వెళ్ళేదాన్ని. డిసెంబరులో జిల్లా పోటీలు వచ్చాయి. ఫైనల్ మాకూ పొన్నూరుకూ పడుతుందని అందరూ అనుకున్నారు, పడింది. పొన్నూరు ఆటలు గట్టు మీద కూర్చుని చూశాను. మొదట కోటేశ్వరి విసిరేది, మధ్యలో మస్తాన్‌బీ, అవసరమైతే చివర్లో స్కూలు పిల్ల ఒకతె. ఎవరి ముఖంలోనూ అలసట లేదు. ఆ ముగ్గురి పక్కన నాకొక చోటు ఉండేదని, ఆ ఏర్పాటంతా నా చెయ్యి కోసమే మొదలైందని అప్పుడు కూడా తట్టలేదు.

ఫైనల్లో నాలుగు ఇన్నింగ్స్ వరకు బాగానే విసిరాను. మేం మూడు, వాళ్ళు రెండు. మొత్తం ఏడు ఇన్నింగ్స్ ఆట. అయిదో దాంట్లో భుజం లోపల ఏదో తెగుతున్నట్టు అనిపించింది. వరసగా ఇద్దరు నడిచి బేస్ చేరారు. మూడో అమ్మాయికి మొదటి బంతి పక్కకు పోయింది. అప్పుడు రూతు టీచర్ లేచింది. అంపైరు దగ్గర సమయం అడిగి, తిన్నగా మా సెక్రటరీ దగ్గరికి నడిచింది. ఆవిడ గొంతు కదా, నాకూ వినిపించింది. ఆ పిల్ల చెయ్యి పోతోంది, దింపండి, ఇంకెవరినైనా పెట్టుకోండి, మీకు కావలసినంత సేపు మేం ఆగుతాం అంటోంది. సెక్రటరీ నవ్వి, మీ జట్టును గెలిపించుకునే ఉపాయం బాగుందండీ టీచరుగారూ అన్నాడు. ఆవిడ నా దగ్గరికి వచ్చింది. చాలమ్మా, దిగు అంది. చెయ్యి చాచి బంతి అడిగింది.

"మీకిప్పుడు ముగ్గురున్నారుగా టీచర్," అన్నాను. "వాళ్ళ సంగతి చూసుకోండి. నన్ను గెలవలేక దింపడానికి వచ్చారా?"

గట్టిగానే అన్నాను. గట్టు మీది జనం నవ్వారు. అంపైరు ఆవిడను వెనక్కి వెళ్ళమన్నాడు. ఇంకోసారి లోపలికి వస్తే జట్టును తప్పిస్తానన్నాడు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఆవిడ వెళ్ళిపోయింది. తన పిల్లలను దగ్గరికి పిలిచి ఏదో చెప్పింది. మస్తాన్‌బీ ఆవిడ ముఖంలోకి చూసి, బెంచీ మీద కూర్చుంది.

ఆ తర్వాత జరిగింది నా జీవితంలో గొప్ప ఆట అని చాలా ఏళ్ళు అనుకున్నాను. వచ్చిన ప్రతి అమ్మాయీ మొదటి బంతికే బ్యాటు ఊపింది. ఎక్కడ వేసినా ఊపింది. గాల్లోకి లేపి ఒకరు, చేతుల్లోకి కొట్టి ఒకరు అవుటయ్యారు. బేస్‌ల మీద ఉన్న ఇద్దరూ అక్కడే మిగిలిపోయారు. మూడు ఇన్నింగ్స్ పది పన్నెండు బంతుల్లో అయిపోయాయి. నన్ను చూసి బెదిరిపోయారనుకున్నాను. కప్పు ఎత్తేటప్పుడు కుడిచెయ్యి లేవలేదు, ఎడమచేత్తో ఎత్తాను. రూతు టీచర్ ముందు నుంచే దాన్ని తీసుకుని వెళ్ళాను.

నెల రోజుల తర్వాత రాష్ట్ర జట్టు శిబిరంలో మొదటి ఉదయమే భుజం పూర్తిగా పోయింది. గుంటూరులో చూపిస్తే, ఇంత నలిగాక అతకడం కష్టమని, ఇక విసరొద్దని డాక్టరు చెప్పాడు. సెక్రటరీ మళ్ళీ మా ఇంటికి రాలేదు. జిల్లా గెలిచిన జట్టు పిచర్‌గా నాకిచ్చిన కాగితం మాత్రం మిగిలింది. దానితోనే బీపీఎడ్ సీటు వచ్చింది, తర్వాత డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. అద్దంకికి దగ్గర పల్లెలో పోస్టింగు. మధ్యలో ఒకసారి గుంటూరు బస్టాండులో రూతు టీచర్‌ను చూశాను. జుట్టు సగం నెరిసింది. చుట్టూ పదిమంది ఆడపిల్లలు. ఒక్కొక్కరి తలా తట్టి లెక్కపెడుతూ బస్సెక్కిస్తోంది. నేను పత్రికల దుకాణం వెనక్కి తప్పుకుని, ఆ బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.

ఎన్నికల డ్యూటీలో మస్తాన్‌బీ కలిసేసరికి ఏడేళ్ళు దాటిపోయాయి. నన్ను వేసిన పోలింగ్ బూత్‌లో తనూ ఉంది. అంగన్‌వాడీ టీచరు. ఇద్దరు పిల్లలు. అక్కా అని తనే ముందుగా పలకరించింది. ఆ ఫైనల్ అయిన కొన్నాళ్ళకే సైదులుగారికి ఊపిరి జబ్బు ముదిరి తను ఇంటికి వెళ్ళిపోవాల్సి వచ్చిందని, డిగ్రీ మధ్యలో ఆగిపోయిందని చెప్పింది. జనం పలచబడిన మధ్యాహ్నం వేళ పాత ఆటల గురించి మాట్లాడుకున్నాం. నేను ఆ ఫైనల్ సంగతి ఎత్తి, మీరంతా ఆరోజు ఎందుకంత కంగారుపడ్డారని నవ్వుతూ అడిగాను. తను నా వైపు వింతగా చూసింది.

"నీకు తెలియదా అక్కా? మొదటి బంతికే కొట్టమంది టీచరు. ఎక్కడ పడినా సరే ఆగొద్దంది. నిలబడి చూస్తే నాలుగు బంతులు పడతాయి, ఆ పిల్ల చెయ్యి తట్టుకోదు అంది. కోటేశ్వరి ఆవిడతో వారం రోజులు మాట్లాడలేదు."

బయట వరసలో ఎవరో గుర్తింపు కాగితం లేదని గొడవ పడుతున్నారు. తను లేచి అటు వెళ్ళింది. నేను వేలికి ఇంకు పెట్టే సీసా ముందు కూర్చున్నాను. ఆ రోజు వాళ్ళు బ్యాటు భుజాన పెట్టుకుని నిలబడి ఉంటే చాలు, గెలిచేవాళ్ళు. నేను ఎలా ఓడిపోతానో మా రెండు జట్లలోనూ అందరికంటే బాగా తెలిసిన మనిషి రూతు టీచర్. ఆవిడే గెలుపు వదులుకుంది, పైగా నేను అంతలా అవమానించి పది నిమిషాలు తిరక్కముందే.

అప్పటికప్పుడు పొన్నూరు వెళ్ళాల్సింది. పరీక్షలన్నాను, సెలవులన్నాను. నిజానికి భయం. నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం వెళ్ళాను. ఆవిడ రిటైరైంది. అదే గది, అదే వరండా. గుండె జబ్బు చేసి మనిషి చిక్కిపోయింది. గొంతు మాత్రం గేటు దాకా వినిపించింది. ముందు నా భుజం పట్టుకుని చెయ్యి ఎత్తించి, ఎంతవరకు లేస్తుందో చూసింది. చెవి దాటి లేవలేదు. అక్కడే ఆపి మెల్లగా దించింది. నేను దాచుకున్నవన్నీ చెప్పేశాను. నేర్పకుండా దాచిన సగం పట్టు దగ్గర్నుంచి బస్టాండు దాకా. క్షమించమన్నాను. ఆవిడ వింటూ చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది.

"నాకు చెప్పాల్సింది ఏమీ లేదు మణీ," అంది చివరికి. "నువ్వు చిన్నపిల్లవి. పెద్దదాన్ని నేను చేసింది వేరే ఉంది. ఆరోజు నాకు నీ భుజం ఒక్కటే కనపడింది. నా బెంచీ మీద కూర్చున్న పిల్ల కనపడలేదు. దాని తండ్రి చాప మీద కూర్చుని తీసుకొచ్చాను దాన్ని. దాని ఆట తీసి నీ చేతిలో పెట్టేశాను. నీ చెయ్యీ మిగల్లేదు, దాని చదువూ మిగల్లేదు."

చిక్కుడుకాయలు పక్కకు జరిపి, మస్తాన్‌బీ నీకు కలుస్తుంటుందా అని అడిగింది. కలుస్తుంది, దగ్గరి ఊరే అన్నాను. నా గురించి ఏమైనా అంటుందా అంది. ఏమీ అనదన్నాను. తల ఊపి, ఏమీ అనదని తెలుసు, నేను వెళ్ళి అడగాలంటే కాళ్ళాడవు అంది. అంత ధైర్యమున్న మనిషి నోట ఆ మాట వినడం నాకదే మొదలు. నేను అడిగి మీకు చెబుతాను టీచర్ అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. వద్దనలేదు.

నేను అడగలేదు. మస్తాన్‌బీ నెలకోసారైనా కనపడేది, మండలాఫీసు దగ్గరో, అద్దంకి సంతలోనో. పిల్లల చదువులు మాట్లాడుకునేవాళ్ళం, ఎండలు మాట్లాడుకునేవాళ్ళం. తన చేతిలో ఉండాల్సిన కాగితం నా సర్వీసు పుస్తకంలో ఉందనే ఎరుకతో మాట పాత ఆటల వైపు పోనిచ్చేదాన్ని కాదు. టీచర్ గురించి అడిగితే, నా గురించి ఏమనుకుంటోందో కూడా తను చెబుతుందేమోనని భయపడ్డాను. అలా ఏడు నెలలు గడిచాయి.

రూతు టీచర్ ఒక శ్రావణ మాసపు వానల్లో పోయింది. కబురు మస్తాన్‌బీయే నాకు ఫోన్ చేసి చెప్పింది. ఇద్దరం కలిసి వెళ్ళాం. చర్చి వెనక సమాధుల దొడ్లో ఎన్నో బ్యాచిల ఆడపిల్లలు బురదలో నిలబడ్డారు. కొందరు తమ పిల్లలను ఎత్తుకుని ఉన్నారు. కోటేశ్వరి పోలీసు యూనిఫాంలో వచ్చి, మట్టి వేసేటప్పుడు బిగ్గరగా ఏడ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మస్తాన్‌బీ పక్కన కూర్చుని, ఇక ఆపుకోలేక, టీచర్ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అన్న మాటలన్నీ చెప్పాను. తను కిటికీలోంచి చూస్తూ వింది.

"ఆరోజు నన్నొక్కమాట అడిగుంటే నేనే సరేననేదాన్నక్కా," అంది చిలకలూరిపేట దాటాక. "నీ చెయ్యి మా అందరికీ కనపడుతూనే ఉంది. చూస్తూ చూస్తూ నిన్ను అలా నిలబెట్టి గెలవడం నాకూ ఇష్టం లేదు. అడగలేదని కొన్నాళ్ళు బాధపడ్డాను. చేసినందుకు ఎప్పుడూ బాధపడలేదు."

అద్దంకిలో తను దిగిపోయింది. పిల్లలకు అరటిపళ్ళు కొనుక్కుని, నా వైపు చెయ్యి ఊపి, వానలో నడుచుకుంటూ వెళ్ళింది.

ఇప్పుడు నా దగ్గర ఆడుకునే పిల్లలకు నేను బంతులు లెక్కపెట్టి విసిరిస్తాను. ఒకరి కోసం ఇంకొకరిని దింపాల్సి వస్తే, దిగే పిల్లను పక్కకు పిలిచి ముందు తనను అడుగుతాను. ఒక్కోసారి కుదరదంటారు. అప్పుడు ఓడిపోతాం. అది పెద్ద విషయం కాదు. నన్ను నిద్ర లేపేది వేరే. రూతు టీచర్ ఆ వరండాలో కూర్చుని ఏడు నెలలు ఎదురుచూసిన జవాబు, అద్దంకి సంతలో ఎప్పుడు అడిగినా దొరికేది. అక్కడినుంచి పొన్నూరుకు రెండు బస్సులు మారితే చాలు. తెస్తానని మాటిచ్చినదాన్ని నేనే. ఆవిడను మట్టిలో పెట్టి వచ్చాక ఆ జవాబు నా చేతికందింది. ఇప్పుడది ఎవరికివ్వాలో తెలియక నాతోనే ఉంచుకున్నాను.